నియమం ఉన్న మంత్రం

మా ఇంట్లో మాయ అన్నది తిట్టు కింద లెక్క. దేవుడి గూడు మా ఆవిడది, పుస్తకాల గోడ నాది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ సరిహద్దు మేమిద్దరం దాటలేదు. మా అమ్మాయి మాత్రం పదమూడో ఏట ఆ రెండింటికీ మధ్య మూడో అలమర ఒకటి పెట్టుకుంది. దాని నిండా జర్మన్ ఫాంటసీ నవలలు. ఒక్కొక్కటీ ఇటుకంత మందం. అట్టల మీద కత్తులు, మంచులో కోటలు, నిప్పులు కక్కే పక్షులు.

నాకు ఒళ్ళు మండింది. మండడానికి కారణం ఉంది. నేను పెరిగింది కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్టణంలో. అక్కడి గ్రంథాలయం మేడ మీద ఆదివారం ఆదివారం చర్చ జరిగేది. నడిపేది ఒక లెక్కల మాస్టారు. నిమ్మకాయ కోస్తే రక్తం కారే కిటుకు, నీళ్ళు పోస్తే మంట లేచే కిటుకు పదిహేనో ఏటికే నలుగురి ముందు చేసి చూపించి, ఇందులో మహిమ లేదని విప్పి చెప్పినవాణ్ణి నేను. మాస్టారు మాకు వాదన నేర్పేటప్పుడు ఒక్కటే పట్టుదలగా చెప్పేవారు. ఎదుటివాడి బలహీనమైన మాట మీద పడేవాడు పిరికివాడు. వాడి చేతిలో ఉన్న అన్నిటికంటే గట్టి ఉదాహరణ ఏదో చూడు. ముందు దాన్ని విరగ్గొట్టు. మిగతావి వాటంతట అవే కూలతాయి. ఆ పద్ధతి మీదే నా వ్యాసాలన్నీ నిలబడ్డాయి. ఉద్యోగం కోసం జర్మనీ వచ్చి, వాల్డార్ఫ్ పక్క ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, పగలు సాఫ్ట్‌వేర్, సెలవు రోజున వ్యాసం అని బతుకుతున్నా, ఆ పద్ధతి నన్ను వదల్లేదు. నేనూ దాన్ని వదల్లేదు.

అలాంటివాడి ఇంట్లో మంత్రాల పుస్తకాలు! ఒకరోజు అమ్మాయి సోఫాలో బోర్లా పడుకుని చదువుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"ఇందులో మంత్రం చదివితే తలుపు తెరుచుకుంటుందా?"

"తెరుచుకుంటుంది."

"ఎందుకు తెరుచుకుంటుంది?"

తల ఎత్తకుండానే అంది. "ఒక్కో బుక్‌లో ఒక్కో సిస్టం నాన్నా. ఇందులో మంత్రం వేసినవాడికి ఆ రోజంతా కళ్ళు కనబడవు. అందుకని ఊరికే వెయ్యడు. ఇంతకుముందు చదివినదాంట్లో ఒక్కో మంత్రం ఒక్కసారే పని చేస్తుంది. తర్వాత ఆ మాట చచ్చిపోతుంది. అందుకని వాళ్ళ భాషలో మాటలు అయిపోతూ ఉంటాయి. రచయిత తన రూల్ తనే తప్పితే చదివేవాళ్ళు ఊరుకోరు. క్వాచ్ అని పుస్తకం పక్కన పడేస్తారు."

క్వాచ్ అంటే చెత్త మాట అని. ఆ మాట నేను మహిమల గురించి వాడతాను. ఆమె నియమం తప్పిన కథ గురించి వాడింది.

"అబద్ధానికి కూడా రూల్సేనా?"

"అబద్ధానికే కావాలి. నిజానికైతే నువ్వున్నావుగా."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినబడింది. నేను లేచి వచ్చేశాను గాని ఆ మాట నన్ను వదల్లేదు. నా జీవితమంతా నేను పోట్లాడింది మహిమతో. మహిమకు నియమం ఉండదు. ఇవాళ పని చేస్తుంది, రేపు చెయ్యదు. చెయ్యకపోతే తప్పు నీ భక్తిది. అందుకే అది మోసానికి అంత బాగా పనికొస్తుంది. కాని ఈ పిల్ల చదివే కథల్లో మంత్రానికి షరతు ఉంది, హద్దు ఉంది, ఫలితం ముందే తెలుస్తుంది. ఎవరు చేసినా అదే జరుగుతుంది. అలాంటిదాన్ని మా మాస్టారు మహిమ అనేవారు కాదు, ప్రయోగం అనేవారు. మంత్రం టోపీ పెట్టుకుని తిరుగుతున్న విజ్ఞానశాస్త్రం అది. ఇంత చిన్న సంగతి నాకు యాభై దాటాక, సోఫాలో బోర్లా పడుకున్న పిల్ల చెబితే తెలిసింది.

ఆమె పదహారో ఏట మా పాత గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టించాం. జర్మనీలో అప్పుడు ఏ నలుగురు కూడినా దాని మాటే. ఆమె ఒక సాయంత్రం కోటు వేసుకుని బయట ఆ డబ్బా ముందు నిలబడి, ఫ్యాన్ వదిలే గాలికి అరచెయ్యి పెట్టి చూసింది.

"బయట మైనస్ ఐదు. ఇందులోంచి మనకి వేడి ఎలా వస్తుంది?"

"చల్లటి గాలిలో కూడా వేడి ఉంటుందమ్మా. ఆ కాస్తా లాగి ఇంట్లో పోస్తుంది. అందుకే ఇటు వచ్చే గాలి ఇంకా చల్లగా ఉంటుంది."

"అంటే మనం వెచ్చగా ఉన్నంతా ఇక్కడ చలి."

"అంత పెద్ద తేడా ఏం ఉండదు. గాలి కలిసిపోతుంది కదా..." అని నేను వివరించేలోపు ఆమె మేడ ఎక్కేసింది.

వారం తర్వాత ఒక నోటు పుస్తకం తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. అందులో ఒక నగరం ఉంది. సగం కొండ మీద, సగం పల్లంలో. కొండ మీదివాళ్ళు ఒక మాట పలికితే దీపం వెలుగుతుంది, స్నానానికి నీళ్ళు కాగుతాయి. ఆ వేడి ఊరికే రాదు. వాళ్ళు మాట పలికినప్పుడల్లా పల్లంలో ఎక్కడో ఒకచోట బావి గడ్డ కడుతుంది, పసిపిల్ల కప్పుకున్న దుప్పటి మంచు ముద్ద అవుతుంది. అది మంత్రం అనే అందరూ అనుకుంటారు. అసలు సంగతి, నగరం కింద ఒక యంత్రం ఉంది. ఎప్పుడో పాతకాలం వాళ్ళు అందరి కోసం కట్టింది. కట్టినవాళ్ళు పోయారు, దాన్ని వివరించే కాగితాలు పోయాయి. దాన్ని నడిపే ఆదేశాలు మాత్రం కొన్ని కుటుంబాలకు కంఠస్థంగా మిగిలాయి. ఆ కుటుంబాలు కొండ ఎక్కాయి. ఆదేశానికి మంత్రం అని పేరు పెట్టాయి. పల్లంవాళ్ళ చెవిన అది పడకూడదని శాసనం చేశాయి.

చదవడం అయ్యాక మళ్ళీ మొదటికి తిప్పి చదివాను. ముప్పై ఏళ్ళుగా నేను వ్యాసం మీద వ్యాసం రాసి అరిచిన విషయం అది. నేను అరిస్తే ఒప్పుకున్నవాళ్ళు ముందే ఒప్పుకున్నవాళ్ళు. ఈ పిల్ల ఒక దుప్పటి గడ్డ కట్టించి చెప్పింది.

ఆ శీతాకాలం మా ఇద్దరికీ మంచి కాలం. ప్రతి శనివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఆమె నియమం చెప్పేది, నేను దానికి చిల్లు పెట్టేవాణ్ణి. వేడి ఎంత దూరం నుంచి రాగలదు? ఇద్దరు ఒకేసారి మాట పలికితే ఎవరికి వెళుతుంది? ఆమె పెన్ను కొరుకుతూ ఆలోచించి జవాబు కట్టుకొచ్చేది. నేను ఓడిపోతే బల్ల మీద గుద్ది నవ్వేది. చివరికి మూడు ప్రశ్నలు మిగిలాయి. యంత్రాన్ని ఏది నడుపుతుంది? కొండ మీది మాట ఎప్పుడో ఒకప్పుడు పల్లంవాళ్ళ చెవిన పడకపోదు కదా, వాళ్ళెందుకు నేర్చుకోలేదు? మాట్లాడేది ఎవరో యంత్రానికి ఎలా తెలుసు? వాటి పక్కన ఎర్ర సిరాతో 'ఒఫెన్' అని రాసుకుంది. ఇంకా తేలలేదు అని అర్థం.

"మీ ఇద్దరూ ఇడ్లీలు చల్లారబెట్టే యంత్రం కనిపెట్టారు," అనేది మా ఆవిడ ప్లేట్లు బల్ల మీద పెడుతూ.

ఫిబ్రవరిలో మా ప్రాంతం తెలుగు సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. తెలంగాణ మనిషి, పెద్ద ఇంజనీరు, మాటకారి. ఎవరి ఇంట్లో కష్టం వచ్చినా ముందు కారు వేసుకుని వచ్చేది అతనే. అది కూడా రాయాలి.

"అన్నా, మీ బిడ్డ కథలు రాస్తదంట గద. ఉగాదికి పది నిమిషాలు ఇస్తం, సదవమను. యాడాది యాడాది గవే డాన్సులు, గవే పాటలు. ఇంతకీ కథ ఏందన్నా?"

తండ్రి గర్వం అనేది ఒకటుంటుంది, దానికి హేతువాదం అడ్డురాదు. మా హీట్ పంప్ గురించీ, పాతవాళ్ళు కట్టిన యంత్రం గురించీ, మాటతో వేడి కదలడం, ఆదేశమే మంత్రమైన సంగతీ గడగడా చెప్పేశాను.

"అంటే మంత్రమంటే కమాండ్! అన్నా, మస్తుంది!"

మస్తుగా ఏముందని అతను అనుకున్నాడో ఆ క్షణాన నేను అడిగి ఉండాల్సింది. ఎదుటివాడి మాట మింగే ముందు నమిలి చూడమని ఊరందరికీ చెప్పేవాణ్ణి, పొగడ్త కాబట్టి మింగేశాను.

అమ్మాయి జర్మన్‌లో రాస్తుంది. చదవాల్సింది తెలుగువాళ్ళ ముందు. నేను అనువదిస్తానన్నాను. వద్దంది. తనే తెలుగులో రాస్తానంది. మాట్లాడ్డం వచ్చు గాని రాయడం అంతకుముందు రాదు. వాళ్ళమ్మ పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించింది. ఆరు వారాలు పట్టింది. ఏడు పేజీలు, లావు లావు అక్షరాలతో, తుడిచి రాసి తుడిచి రాసి. అవి పెట్టుకున్న అట్ట ఫైలు నేను ముట్టుకోకూడదు.

"నువ్వు అక్కడే వినాలి నాన్నా. ముందు వింటే ఉబరాషుంగ్ పోతుంది." ఆశ్చర్యపరచాలని ఆమె ఉద్దేశం. పుట్టి పదహారేళ్ళకు మా అమ్మాయి మొదటిసారి తెలుగులో రాసింది. దాన్ని తెలుగువాళ్ళు కథగా వినాలి. ఆమె కోరిందల్లా అంతే.

ఉగాది సభ శనివారం మధ్యాహ్నం, ఊరి బ్యుర్గర్‌హౌస్‌లో, అంటే సభలకు అద్దెకిచ్చే ఊరుమ్మడి హాల్లో. గోడ వెంట రేకు ట్రేల్లో పులిహోర, వేపపువ్వు దొరక్క ఇంకేదో చేదు వేసిన పచ్చడి. మా అమ్మాయి వాళ్ళమ్మ చీర కట్టుకుని, అట్ట గుండెకు అదుముకుని స్టేజీ పక్క మెట్ల దగ్గర నిలబడింది. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"జర్మనోళ్ళు ఇప్పుడు హీట్ పంప్, హీట్ పంప్ అని ఒర్లుతున్నరు. మన ఋషులు ఎన్నడో మంత్రంతోని వేడిని ఈ జాగల కెల్లి ఆ జాగకు తోలిండ్రు! మంత్రమంటే ఏంది? కమాండ్. కింద మిషిన్ ఉండె. మిషిన్ పోయింది, కమాండ్ మిగిలింది. ఈ ముచ్చట నేను చెప్తలేను. మన అన్న బిడ్డ, ఈడ పుట్టి ఈడ సదివిన బిడ్డ, సైన్సుతోని ప్రూఫ్ చేసి పట్టుకొచ్చింది. ఇంక ఎవలన్న మనది మూఢనమ్మకం అంటే ఈ బిడ్డని చూపెట్టుండ్రి!"

హాలు చప్పట్లతో మోగింది. ఎవరు కొట్టారు ఆ చప్పట్లు? వారమంతా కంపెనీల్లో ఒక్క కామా తప్పుంటే పట్టుకునేవాళ్ళు. పరీక్షించకుండా ఒక్క లైను కోడు ముందుకు పంపనివాళ్ళు. ఆఫీసు బ్యాడ్జితో పాటు బుర్ర కూడా శుక్రవారం సాయంత్రం సొరుగులో పెట్టి వస్తారు కాబోలు. కొండవాళ్ళు మాటను దాచుకుని పల్లాన్ని గడ్డ కట్టించిన కథను, కొండవాళ్ళ ఘనతగా చెప్పి చప్పట్లు కొట్టుకుంటున్నారు.

నేను మెట్ల వైపు చూశాను. అమ్మాయి నా కళ్ళలోకే చూస్తూ తల అడ్డంగా ఊపింది. అతను చెప్పింది తప్పు, నువ్వు లేచి చెప్పు అంటోందనుకున్నాను. లేవకు అంటోందని నాకు తట్టలేదు.

"ఒక్క నిమిషం అధ్యక్షా," అని నడిచి వెళ్ళి మైకు తీసుకున్నాను.

అతని చేతిలో ఉన్న గట్టి ఉదాహరణ ఒకటే, మా అమ్మాయి కథ. దాన్నే పట్టుకున్నాను.

"మాటతో వేడి కదలదు. ఇక్కడున్న అందరూ సాయంత్రం దాకా గొంతులు చించుకున్నా ఒక కప్పు టీ కాగదు." నవ్వులు. "ఋషులు యంత్రం కట్టారట. మా అమ్మాయి కథలో ఆ యంత్రాన్ని ఏది నడుపుతుందో తెలుసా? తెలియదు. నేను అడిగాను, తనకీ తెలియదు. పల్లంవాళ్ళు ఆ మాట విని ఎందుకు నేర్చుకోలేదు? తెలియదు. మాట్లాడేది ఎవరో యంత్రానికి ఎలా తెలుసు? అదీ తెలియదు. ఇన్ని చిల్లులున్నదాన్ని ప్రూఫ్ అంటారా? పదహారేళ్ళ పిల్ల, ఇంటి వెనక డబ్బా చూసి, తన గదిలో కూర్చుని అల్లింది. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు!"

పెద్ద నవ్వు. తర్వాత చప్పట్లు, అతనికి పడినవాటి కంటే ఎక్కువే. ఆ చప్పట్లు నాకు ఎంత హాయిగా ఉన్నాయో దాచను. అదే గ్రంథాలయం మేడ, అదే ఆదివారం అనిపించింది.

అధ్యక్షుడు కూడా నవ్వాడు. "అన్నతోని డిబేట్ పెట్టుకుంటే అంతే మల్ల. రా బిడ్డా, నువ్వు సదువు."

ఆమె మెట్లెక్కింది. మైకు ముందు అట్ట తెరిచింది. పేజీల వంక కాసేపు చూసింది. ముందు వరుసలో ఎవరో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అట్ట మూసేసింది.

"మా నాన్న చెప్పేశారు," అంది తెలుగులో. "ఇంకేం లేదు."

దిగి వెళ్ళిపోయింది. మూడు నిమిషాల్లో డాన్సు మొదలైంది.

కార్లో ఇంటికి బయల్దేరాం. "గెలిచారుగా," అంది మా ఆవిడ రోడ్డు చూస్తూ. బండి తనే నడుపుతోంది.

"నేను అన్నది నీ కథని కాదమ్మా," అన్నాను వెనక్కి తిరిగి. "వాళ్ళు దాన్ని నిజం అంటుంటే ఊరుకుంటానా?"

"వాళ్ళు నిజం అన్నారు. నువ్వు అబద్ధం అన్నావు." ఆమె కిటికీలోంచి చూస్తోంది. "కథ అని ఒక్కళ్ళూ అనలేదు."

"అలా కాదు, ఒక పబ్లిక్ మీటింగులో..."

"ఆ మూడు ప్రశ్నలూ మన కిచెన్‌లో అడిగినవి నాన్నా. నేను నీకు చూపించినవి."

జర్మన్‌లో ఇంకేదో అంది. అంత వేగంగా మాట్లాడితే నాకు అర్థం కాదని ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దున నేను కాఫీ కలుపుకుంటుంటే మా ఆవిడ చెప్పింది, నా వైపు తిరగకుండా. ఆ మూడు ప్రశ్నలకీ జవాబులు ఆ ఏడు పేజీల్లో రాసిందట. ఆశ్చర్యం అంటే అదేనట. అందరి ముందూ చదువుతుంటే ఓడిపోయిన నేనే ఈసారి బల్ల మీద గుద్ది నవ్వాలని అనుకుందట, గెలిచినప్పుడల్లా తను నవ్వినట్టు.

"మరి నువ్వైనా నాకు చెప్పొచ్చుగా ముందే?"

"మీరు మైకు దగ్గరికి వెళ్ళేముందు నన్ను అడిగారా?"

ఆ పేజీలు ఎక్కడున్నాయని అడిగాను. హాల్లోంచి వచ్చేటప్పుడే అక్కడి కాగితాల డబ్బాలో వేసేసిందట. అధ్యక్షుడికి ఫోన్ చేశాను. పాపం, అతనే హాలుకు వెళ్ళి చూశాడు. హాలు శుభ్రం చేసేవాళ్ళు పొద్దున్నే ఖాళీ చేశారన్నాడు. "ఏమన్న ముఖ్యమైన కాగితాలా అన్నా?" అన్నాడు. కాదన్నాను.

పోనీ నేను విరగ్గొట్టింది విరిగిందా? పది రోజుల తర్వాత గుంటూరు నుంచి మా బంధువొకరు ఫోన్లో ఒక మెసేజ్ పంపారు. మంత్రంతో వేడిని కదిలించిన ఋషుల విద్యను జర్మనీలో ఒక తెలుగు బాలిక రుజువు చేసిందట. పక్కన మండే హోమగుండం బొమ్మ. 'మీ వైపేనట, తెలుసా?' అని రాశారు. నా ఉపన్యాసం ఆ హాలు గుమ్మం కూడా దాటలేదు. వాళ్ళ నమ్మకం సముద్రాలు దాటింది. నా వాదనకు దెబ్బ తిన్నది ఆ హాల్లో ఒక్కటే, అది మా అమ్మాయి చేతిలో ఉన్న అట్ట.

క్షమించమని ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. రెండో పేజీకి వచ్చేసరికి, నేను ఎందుకు లేవాల్సి వచ్చిందో నిరూపిస్తున్నాను. చింపేశాను. చివరికి ఆమె గది గుమ్మంలో నిలబడి, తప్పు చేశానన్నాను. "సరే నాన్నా," అంది మర్యాదగా. మా మధ్య మర్యాద అనేది అంతకుముందు లేదు. శనివారాలు బల్ల దగ్గరికి రావడం మానేసింది. అలిగి కాదు. రాసుకునే పని ఉంది. గదిలో రాసుకుంటోంది, జర్మన్‌లో.

తెలుగులో మళ్ళీ ఒక్క అక్షరం రాయలేదు. వాళ్ళమ్మ ఒకసారి అడిగితే, "ఎవరికి?" అందట.

నవంబర్‌లో వాళ్ళ స్కూల్ లైబ్రరీలో పిల్లలు తాము రాసినవి చదివే కార్యక్రమం పెట్టారు. అమ్మాయి అక్కడ ఆ నగరం కథ చదువుతోందని, మా ఆవిడ చలికోటు వేసుకుంటుంటే నాకు తెలిసింది.

"నేనూ రానా?"

"దాన్నే అడగండి."

అమ్మాయి బూట్లు వేసుకుంటోంది. "వద్దు నాన్నా," అంది. కోపం లేదు. పళ్ళ డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, మార్చినట్టు చెప్పింది. "నువ్వుంటే నేను నీకు జవాబు చెబుతూ చదువుతాను. నాకు చదవాలని ఉంది."

వాళ్ళు వెళ్ళారు. ఇల్లు వెచ్చగా ఉంది. ఒక వ్యాసం మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాశాను. నాలుగూ ఎవరినో ఓడిస్తున్నాయి.

ఆరున్నరకు మా ఆవిడ ఒక్కతే తిరిగొచ్చింది. అమ్మాయి స్నేహితులతో పిజ్జాకు వెళ్ళిందట. ముఖం వెలిగిపోతోంది.

"ఎలా చదివింది?"

"ఎంత బాగా చదివిందో! నాకు సగమే అర్థమైంది. నా వెనక కూర్చున్న టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది."

"మరి ఆ మూడో ప్రశ్న? మాట్లాడేది ఎవరో యంత్రానికి ఎలా తెలుసు అన్నది? దానికేం రాసింది?"

కోటు బొత్తాలు విప్పుతున్నది ఆగి నా వంక చూసింది.

"ఏమో. నేను కథ విన్నానండీ."

మళ్ళీ అడగలేదు. మూడింటికీ జవాబులున్నాయని మాత్రం నాకు తెలుసు.